గుర్తుచేయనక్కర్లేని తల్లి

ఉదయం ఎనిమిది కాకుండానే యంత్రం ఆ రోజు నలభై మెసేజ్‌లూ పంపేసింది. నలభై ఒకటోదానికి చట్టం ఒప్పుకోదు. ఫోన్లలో కుప్పపడే సందేశాలకు జనం విసిగిపోయాక, ప్రభుత్వం ప్రతి సంస్థకూ ఇన్నేనని హద్దు పెట్టింది. పసిపిల్లల కంటి ఆస్పత్రి వాటా రోజుకు నలభై.

చూపించుకోవాల్సిన పిల్లలు మాత్రం రోజుకు వందమంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి కంటి వెనక రెటీనాలో రక్తనాళాలు దారితప్పి పెరగొచ్చు. వేళకి చూస్తే లేజర్‌తో ఆపవచ్చు. రెండు మూడు వారాలు దాటితే ఆ కన్ను దక్కకపోవచ్చు. పైకి ఏమీ తెలియదు, బిడ్డ పాలు తాగుతూనే ఉంటుంది.

అందుకే ఇంజినీరు శేషగిరి ఈ యంత్రాన్ని తయారుచేశాడు. ఇందులో మాయేమీ లేదు. ఏ తల్లి ఎన్నిసార్లు వచ్చింది, ఎంత దూరం నుంచి వచ్చింది, ఎంత ముందుగా వచ్చింది అన్నీ చదివి, మార్కులు వేసి, చెప్పకపోయినా వచ్చేదెవరో తేలుస్తుంది. వాళ్లని వదిలేసి మిగతావాళ్లని పిలుస్తుంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అడగాల్సింది అమ్మలనే. ఆరు నెలల్లో హాజరు యాభై నుంచి ఎనభై శాతానికి చేరింది. శేషగిరి నిద్ర చాలక నీరసించిపోయాడు గానీ, తృప్తిగానే ఉన్నాడు.

అందరిలోకీ ఎక్కువ మార్కులు నూకరత్నానివి, నూటికి తొంభై తొమ్మిది. ఏటి అవతలి ఊరి నుంచి పడవ దిగి, బస్సెక్కి, మూడుసార్లు పిలిస్తే మూడుసార్లూ తలుపులు తియ్యకముందే వచ్చి కూర్చుంది. నాలుగోసారి యంత్రం ఆమెను పిలవలేదు. ఆమె రాలేదు. రేపు వస్తుందిలే అనుకుంది యంత్రం. మర్నాడూ అదే అనుకుంది. అలా మూడు వారాలు గడిచాయి.

ఈ ఉదయం బెంచీ మీద ఆమెను చూసి శేషగిరి ఆగిపోయాడు. పక్కింటి గౌరికి మెసేజ్ వచ్చిందట. గౌరికి పట్నం కొత్త, దారి చూపించడానికి తోడొచ్చిందట. ఒడిలో తన బిడ్డ కూడా ఉంది. నాలుగోసారి ఎందుకు రాలేదని అతను అడిగాడు.

"మాకు మెసేజు రాలేదు కద బాబూ. కార్డులో తేదీ ఉంది గానీ, అవసరమైతే మీరే పిలుస్తారు కదా. పిలవలేదంటే కన్ను బాగైపోయిందనుకున్నాం. మా అత్త మొక్కు కూడా తీర్చేసింది."

డాక్టర్ షహనాజ్ బిడ్డ కళ్లలోకి లైటు వేసి చూసింది. లెన్సు తుడుచుకుని మళ్లీ చూసింది. కుడి కన్ను చేయి దాటిపోయిందని, ఎడమదానికి ఈ పూటే లేజర్ చెయ్యాలని మెల్లగా చెప్పింది.

నూకరత్నం బిడ్డ నెత్తి మీది గుడ్డ సర్దింది. తర్వాత శేషగిరి వైపు తిరిగింది.

"ఒక్క మెసేజు పెడితే వచ్చేద్దును కద బాబూ."

"మీరు వస్తారని యంత్రానికి తెలుసమ్మా," అన్నాడు. అన్నాక అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

బిడ్డను లోపలికి తీసుకెళ్లారు. శేషగిరి వచ్చి తన కుర్చీలో కూలబడ్డాడు. తలుపు దగ్గరే నూకరత్నం కార్డును చదివేసిన యంత్రం తెర మీద కొత్త వరుస రాసి ఉంచింది.

హాజరు: వచ్చారు, పిలవకుండానే. మార్కులు: నూటికి నూరు. ఇకపై ఈమెకు గుర్తుచేయనక్కర్లేదు.