ఐదు తూటాలు, ఒక ఖాళీ అర

డోర్కస్ ఎబర్లీ కుర్చీలో కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడి, చేతిలోని టోపీని నలుపుతూ, "నేనొక మనిషిని చంపానో లేదో మీరు తేల్చి చెప్పాలి," అంది.

డిటెక్టివ్ విల్మా క్రాట్జర్ తాను తింటున్న ఆపిల్ కేకు ప్లేటును పక్కకు జరిపింది. ఆవిడ కేకు ముక్కను సగంలో వదిలిందంటే సంగతి చిన్నది కాదని ఆమె సహాయకుడు టెడెస్కోకు తెలుసు. వెంటనే కుర్చీ లాగి డోర్కస్‌ను కూర్చోబెట్టాడు. విల్మా అంటే టెడెస్కోకు దేవుడి మీద ఉన్నంత గురి అని ఊళ్లో నవ్వుకునేవారు. అతడు ఏనాడూ కాదనలేదు.

"నెమ్మదిగా చెప్పండి. తొందరేం లేదు," అంది విల్మా.

"తొందర ఉంది మేడమ్. సోమవారం నా మీద కేసు పెడతారట. నిర్లక్ష్యం వల్ల ఎమెట్ స్ట్రౌడ్ ప్రాణం పోయిందని. కేసు సంగతి తర్వాత. నాకు నిద్ర పట్టడం లేదు. ఎమెట్, నేనూ ఒకే బెంచీ మీద చదువుకున్నాం."

డోర్కస్‌ది సైకమోర్ రిడ్జ్ షూటింగ్ క్లబ్బులో లోడింగ్ బల్ల దగ్గర పని. రివాల్వర్ నింపిన ప్రతివాడూ ఆమెకు చూపించాలి. ఆమె తల ఊపితేనే గురి చూసే చోటికి వెళ్లాలి. పాతకాలపు రివాల్వర్‌లో తూటాను వెనక నుంచి కొట్టే హ్యామర్ కొసన సూదిలాంటి మొన ఉంటుంది. అది తూటా వెనక ఆనుకుని ఉంటే, తుపాకీ కిందపడినా చాలు, పేలిపోతుంది. అందుకే తూటాలకు ఆరు అరలున్నా ఐదే నింపి, ఖాళీ అరను హ్యామర్ కిందికి తెచ్చి ఉంచుతారు. ఎవరి చేతిలో ఏ తుపాకీ ఉన్నా డోర్కస్ దగ్గర ఇదే నియమం.

"ఆదివారం మా క్లబ్బులో పాత-కొత్త పోటీ," అంది ఆమె. "ఒకే నమూనా రివాల్వర్లు, తాతల నాటిదొకటి, ఈమధ్య తయారైందొకటి, రెండూ కాల్చి చూస్తారు. ఏది మేలని సాయంత్రం దాకా కొట్టుకుంటారు. ఎమెట్ తన పాతదాన్ని నింపాడు. నేను చూశాను. ఖాళీ అర హ్యామర్ కిందే ఉంది. తల ఊపాను. కాల్చే లైన్ సిద్ధమని గంట కొట్టడానికి షెడ్డు చివరికి వెళ్లాను. వెనక ఢామ్మంది. తిరిగి చూస్తే ఎమెట్ నేల మీద ఉన్నాడు. తుపాకీ సిమెంటు మీద పడి ఉంది."

"బల్ల దగ్గర ఇంకెవరున్నారు?"

"లైల్ హోస్టెట్లర్. తుపాకులు బాగుచేస్తాడు, పాతవి కొని అమ్ముతాడు. ఎమెట్ కిందపడ్డ తూటా కోసం వంగాడట, మోచెయ్యి తగిలి తుపాకీ పడిందట, పడగానే పేలిందట. తూటా ఛాతీలోకి కింది నుంచి పైకి దూసుకెళ్లింది. పోలీసు డిప్యూటీ మెకాల్ అరలుండే సిలిండర్‌ను చూస్తే ఖాళీ అర పక్కకి ఉందట, నిండు అర హ్యామర్ కిందికొచ్చిందట. అంటే నేను సరిగా చూడలేదనేగా." ఆమె టోపీని ఒళ్లో పెట్టుకుంది. "చూశాననే అనుకుంటున్నాను మేడమ్. కానీ ఇప్పుడు నా కళ్లని నేనే నమ్మలేకపోతున్నాను."

ఆ మాట టెడెస్కో గుండెకు తగిలింది. విల్మా మాత్రం, "ఖాళీ అర ఏ పక్కన ఉంది?" అని అడిగింది.

"నాకు తెలియదు. అంత సేపు చూడలేకపోయాను."

"నేను చూస్తాను," అంటూ విల్మా లేచి కోటు అందుకుంది.

డిప్యూటీ మెకాల్ మంచివాడే, ఓపిక తక్కువ. ఎమెట్ తుపాకీ ఫోటో చూపిస్తూ, "ఇందులో మిస్టరీ ఏముంది విల్మా? పాత తుపాకులు పడితే పేలతాయి. మా తాతకి ఒక కాలివేలు ఉండేది కాదు," అన్నాడు.

పేలిన తూటా తొడుగు హ్యామర్ కింద ఉంది. ఖాళీ అర దానికి సరిగ్గా కుడి పక్కన ఉంది. మిగతా నాలుగూ నిండుగా ఉన్నాయి. విల్మా ఆ ఫోటోను చాలాసేపు చూసి, "తుపాకీని ఎవరైనా విప్పి చూశారా?" అంది.

"ఎందుకు విప్పడం? లైల్ కళ్లారా చూశాడుగా."

క్లబ్బులో మొదట దొరికినవాడు ఎమెట్ బావమరిది వారెన్ యోడర్. కొత్త తుపాకుల పక్షం. ఆదివారం పొద్దున్నంతా ఎమెట్‌తో గొడవపడ్డాడనీ, తుపాకీ పేలినప్పుడు క్లబ్బు వంటగదిలో ఒంటరిగా ఉన్నాడనీ అందరూ చెప్పారు. టెడెస్కో అతడి పేరు కింద రెండు గీతలు గీసుకున్నాడు.

"దేని గురించి గొడవ?" అని అడిగింది విల్మా.

"గొడవేంటండీ, ఏటా ఉండేదేగా. వాడి పాతదానికి ఒక పికప్ ట్రక్కు కొనేంత డబ్బు పోశాడు, మూడేళ్ల కింద, ఈ లైల్ దగ్గరే. ట్రిగ్గర్ వెన్నలా జారుతుందని, ఆ కాలపు ఉక్కే వేరని ఒకటే డప్పు. నాది ఇటలీలో చేసిన నకలు. దాన్లో పదో వంతు ధర. గురి దానికంటే బాగా కుదురుతుంది."

"పడితే పేలుతుందా?"

"నాదా? చచ్చినా పేలదు. చూడ్డానికి పాతదాని లాగే ఉంటుంది గానీ, సూది హ్యామర్‌లో దాక్కుని ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటేనే బయటికొస్తుంది. ఆరూ నింపుకోవచ్చు. ఈ డోర్కస్ ఒప్పుకోదుగా. చాదస్తం." అని, తర్వాత తల దించుకున్నాడు. "ఆవిడ మీద కేసంటే మాత్రం నాకు బాధగానే ఉంది."

"ఆ పొద్దున ఎమెట్ మామూలుగానే ఉన్నాడా?"

వారెన్ ఆలోచించాడు. "లేడండీ. టిఫిన్ దగ్గర నాది అడిగి తీసుకున్నాడు. రెండూ పక్కపక్కన పెట్టి, హ్యామర్ కొసల్ని బొటనవేలితో నొక్కి నొక్కి చూశాడు. అప్పట్నుంచి నోరు విప్పలేదు. లైల్ కాఫీ తెచ్చిస్తే తీసుకోలేదు. 'మధ్యాహ్నం చిల్లీ కూర తినేటప్పుడు అందరికీ ఓ మాట చెప్పాలి' అన్నాడు. ఆ కూర వంటగదిలో నేనే వండుతున్నా. తినడానికి వాడు లేకుండా పోయాడు."

లైల్ హోస్టెట్లర్ తన షాపులో, నూనె మరకల ఆప్రాన్‌తో, చాలా మర్యాదగా మాట్లాడాడు. జరిగింది పూసగుచ్చినట్టు చెప్పాడు. "డోర్కస్‌ని ఏమీ అనకండి. పెద్దదైపోతోంది పాపం, చూపు ఆనలేదేమో," అన్నాడు. ఆ జాలి టెడెస్కోకు నచ్చలేదు. ఎందుకో చెప్పమంటే చెప్పలేకపోయేవాడు.

కారులో టెడెస్కో, "లైల్ చేతుల మీద తుపాకీ మందు మరకలు ఆ రోజే చూసి ఉంటే తేలేది కదా మేడమ్?" అన్నాడు.

"ఆ పొద్దున్నుంచీ అందరూ కాల్చారు కదయ్యా. మరకలు డోర్కస్ చేతుల మీదా ఉండేవి. శనివారం అందర్నీ క్లబ్బుకు రమ్మను. మెకాల్‌ని ఆ తుపాకీ తెమ్మను. నాకొక చెక్క సుత్తి కావాలి."

శనివారం మధ్యాహ్నం క్లబ్బు హాలులో కట్టెల స్టవ్ మండుతున్నా ఎవరూ కోటు విప్పలేదు. డోర్కస్ మూలన కూర్చుంది. వారెన్ గోడకానుకుని నిలబడ్డాడు. లైల్ ముందు వరుసలో కాలు మీద కాలు వేసుకున్నాడు. బల్ల మీద మూడు రివాల్వర్లు ఉన్నాయి. డోర్కస్ తండ్రి వాడిన అసలు పాతది, వారెన్ కొత్తది, ఎమెట్ ప్రాణం తీసినది. పాతదీ ఎమెట్‌దీ ఒక్కలాగే నలిగి, రంగు వెలిసి ఉన్నాయి.

"మిస్టర్ హోస్టెట్లర్, ఎమెట్ తుపాకీ ఏ కాలంది?" అని మొదలుపెట్టింది విల్మా.

"మొదటి ప్రపంచ యుద్ధానికి ముందుది. పూచీ నాది."

"అది పడి పేలడం మీరు కళ్లారా చూశారు."

"చూశాను."

"ఎవరూ తాకలేదు?"

"ఎన్నిసార్లు చెప్పాలండీ? మోచెయ్యి తగిలింది, పడింది, పేలింది."

విల్మా మూడు ఖాళీ తొడుగులు తీసింది. "వీటిలో మందు లేదు, గుండు లేదు. వెనక నిప్పు పుట్టించే చిన్న బిళ్ల మాత్రం ఉంది." ఒకటి డోర్కస్ తండ్రి రివాల్వర్‌లో పెట్టి, హ్యామర్ దించి, దాని వీపు మీద చెక్క సుత్తితో ఒక్కటి వేసింది. టప్‌మంది. డోర్కస్ ఉలిక్కిపడింది.

వారెన్ తుపాకీతో అదే చేసింది. చప్పుడు లేదు. మళ్లీ కొట్టింది. లేదు. వారెన్ గర్వంగా చుట్టూ చూడబోయి, సందర్భం గుర్తొచ్చి ఆగిపోయాడు.

విల్మా మూడోది అందుకుంది.

"దాన్ని కొట్టకండి," అన్నాడు లైల్. కాలు మీద కాలు దిగింది. "వందేళ్ల వస్తువది. విరిగిపోతుంది."

"సిమెంటు మీద పడి తట్టుకుందని మీరే అన్నారు కదా. ఇది చెక్క."

సుత్తి పడింది. చప్పుడు లేదు. ఇంకోసారి, ఇంకా గట్టిగా కొట్టింది. స్టవ్‌లో కట్టె చిటపట మాత్రమే వినిపించింది.

"ఆ బిళ్ల పాడై ఉంటుంది," అన్నాడు లైల్.

విల్మా అదే తొడుగు మళ్లీ హ్యామర్ కిందికి వచ్చేలా హ్యామర్‌ను వెనక్కి లాగి, తుపాకీని నేలవైపు తిప్పి ట్రిగ్గర్ నొక్కింది. టప్‌మంది.

మెకాల్ బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. విల్మా అతడికి హ్యామర్ కొస చూపించి, వేలితో నొక్కమంది. మొన లోపలికి పోయింది.

"అసలు పాతదైతే కాస్త కదులుతుందేమో గానీ లోపలికి పోదు," అంది విల్మా. "ఇది వారెన్ దగ్గరున్న నకలే. పాతబడినట్టు రుద్ది, రంగు దింపి, పాత గుర్తులు చెక్కి అమ్మారు. ఎమెట్ ఆ పొద్దున వేలితో కనిపెట్టింది ఇదే. మధ్యాహ్నం చెప్పాలనుకున్న మాటా ఇదే."

"అయితే నేనూ మోసపోయాను," అన్నాడు లైల్. గొంతు స్థిరంగానే ఉంది. "నాకెవడో నకలు అంటగట్టాడు. అందుకని హంతకుణ్ణి చేస్తారా?"

 ఆ మాటలో నిజం లేకపోలేదని టెడెస్కోకు అనిపించింది. డోర్కస్ కూడా తల దించుకుంది.

"తుపాకీ విషయంలో మోసపోవచ్చు," అంది విల్మా. "కళ్లారా చూసినదాంట్లో ఎలా మోసపోతారు? ఇది పడితే పేలదు. పడి పేలడం చూశానన్నారు, ఎవరూ తాకలేదన్నారు. జరగనిదాన్ని చూసిన మనిషి మీరొక్కరే."

లైల్ కుర్చీలోంచి లేచాడు.

"ఎమెట్ తూటా కోసం వంగాడు. డోర్కస్ గంట వైపు తిరిగింది. మీరు తుపాకీ తీసుకుని, బల్ల పక్కన నేల మీద కూర్చుని, కింది నుంచి పైకి గురిపెట్టి, హ్యామర్ వెనక్కి లాగి కాల్చి, నేల మీద పడేశారు. పాతదని మూడేళ్లు చెప్పీ చెప్పీ, పాతది చేసే పనే దానికి అంటగట్టారు."

ఆవిడ మూలకు తిరిగింది. గొంతు మెత్తబడింది. "డోర్కస్, హ్యామర్ వెనక్కి లాగితే సిలిండర్ ఎటు తిరుగుతుంది?"

"కుడికి. ఒక్క అర."

"ఫోటోలో ఖాళీ అర సరిగ్గా కుడి పక్కన ఉంది. కిందపడే తుపాకీ సిలిండర్‌ను తిప్పదు. చెయ్యి తిప్పుతుంది. ఆ ఒక్క అర వెనక్కి తిప్పితే ఖాళీ అర ఎక్కడికి వస్తుంది?"

డోర్కస్ తల ఎత్తింది. "హ్యామర్ కిందికి."

"నువ్వు చూసిన చోటికి. నీ కళ్లు ఏ తప్పూ చేయలేదమ్మా."

లైల్ తలుపు వైపు రెండడుగులు వేశాడు. వారెన్ గోడ వదిలి అడ్డం వచ్చి నిలబడ్డాడు. "చిల్లీ దాకా కూడా బతకనివ్వలేదురా వాణ్ణి," అన్నాడు. లైల్ మొహం పాలిపోయింది. "ఊళ్లో మళ్లీ ఒక్కడూ నా షాపు గడప తొక్కేవాడు కాదు," అన్నాడు, అదేదో సంజాయిషీ అయినట్టు. మెకాల్ అతణ్ణి బయటికి తీసుకెళ్లాడు. తిరిగి వచ్చి డోర్కస్ ముందు టోపీ తీశాడు.

డోర్కస్ అప్పుడు ఏడ్చింది. ఆదివారం నుంచి ఆపుకున్నదంతా ఏడ్చింది. ఎవరూ ఆపలేదు.

టెడెస్కో కారు తాళాలు వెతుక్కుంటూ షెడ్డు వైపు చూశాడు. వారెన్ లోడింగ్ బల్ల దగ్గర తన కొత్త రివాల్వర్‌ను నింపుతున్నాడు. ఎదురుగా డోర్కస్, ఎర్రబడ్డ కళ్లతో, తన పాత చోట్లో నిలబడి ఉంది.

"ఆరూ నింపుకోవచ్చుగా. నీది పేలదుగా," అంది ఆమె.

"ఆరు నింపి ఉంటే ఆ ఖాళీ అర ఉండేది కాదు," అన్నాడు వారెన్. "వాడికి న్యాయం జరిగేదీ కాదు. నోరు మూసుకుని చూడు."

తుపాకీని ఆమె ముందుకు జరిపాడు. ఐదు నిండుగా, ఒకటి ఖాళీగా ఉన్నాయి. డోర్కస్ వంగి, హ్యామర్ కింద చూసింది. కళ్లు తుడుచుకుని మళ్లీ ఒకసారి చూసింది. తర్వాత తల ఊపింది.