ఎర్ర గడిలో అమ్మ

కొడుకు చొక్కా ఉతకబోతే జేబులోంచి మడత కాయితం వచ్చింది. నీలవేణి విప్పి చూసి అరుగు మీద కూలబడిపోయింది.

నిండా గళ్లు. కొన్ని పచ్చ, కొన్ని ఎరుపు. ఒక్కో గడిలో ఒకటి నుంచి ఐదు దాకా ఏదో అంకె. రాత ఆడపిల్లది. అన్నిటికన్నా కింద, ఎర్ర గడిలో: ఆదివారం, అమ్మ, 5.

ఇవాళే ఆదివారం.

పందెమే, అనుమానం లేదు. కొడుకు బెట్టింగులో దిగాడు, ఇల్లు పోయుంటుంది, ఇప్పుడు తల్లిని ఒడ్డేశాడు. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో పదిహేనేళ్లుగా గ్రేడింగు చేస్తున్న మనిషి, విరగని గుండు పప్పేదో, విరిగిన బద్దేదో చూపుతోనే తేల్చేస్తుంది. కడుపున పుట్టినోణ్ని మాత్రం తేల్చుకోలేకపోయింది.

"తరుణూ, ఇదేటిరా?"

తరుణ్ నోరు తెరిచేలోగా వాన దిగింది. వానతో పాటే గుమ్మంలోకి ఒక పిల్ల.

"లావణ్య. ఊరు కంచిలి. టెక్కలి కాలేజీలో నాతో సదివింది," అన్నాడు తరుణ్, గోడకి చెబుతున్నట్టు.

పిల్ల చున్నీ పిండుకుంటూ కాయితం చూసింది. "అది నాదేనండి. ఫ్యాంటసీ ఫుట్‌బాల్. రూపాయి పెట్టక్కర్నేదు. ఇంగ్లండులో ఆడేవోళ్లని ఏరుకుని ఫోన్లో టీమ్ కడతాం. ఆళ్లక్కడ బాగా ఆడితే మనకిక్కడ పాయింట్లు."

"మరీ అంకెలు?"

"ఎదటి టీమ్ ఎంత గట్టిదో సెప్తాయి. ఒకటి సులువు, ఐదు కష్టం. రాబోయే ఐదు మ్యాచులు సూసుకుని మనిషిని తీసుకోవాల. మీ అబ్బాయేమో నిన్న గోల్ కొట్టినోడి ఎనకాల పరిగెడతాడు. ఆడికి ముందున్నవన్నీ ఎర్రగళ్లే."

"ఒక వారం నేనే గెలిసాను," అన్నాడు తరుణ్.

"నాకు జొరమొచ్చి టీమ్ మార్సని వారం."

నీలవేణికి నవ్వొచ్చింది. ఆపుకుంది. "సరే. అమ్మ ఐదేటి?"

తరుణ్ పైకప్పు చూశాడు. లావణ్య చెవులు కందిపోయాయి.

"మీ అబ్బాయిని సేసుకుంటానని మీతో సెప్పాల. మా నాన్న మూడే, మొన్న ఒప్పుకున్నాడు. మీరు పతీదానికీ భయపడతారట. అందికే ఐదేసాను."

"ఐదని తెలిసీ వచ్చావా?"

"ఐదైతే ఆట మానేత్తామేటి? ఆ రోజుకి గట్టి మనిషిని దింపుతాం."

"ఎవర్ని దింపావు?"

"నేనే వచ్చాను కదండీ."

రాబోయే చెడునంతా ముందే లెక్కేసుకోవడం నీలవేణికి పుట్టుకతో వచ్చిన విద్య. బస్సెక్కితే బోల్తా, వానొస్తే తుపాను. ఈ పిల్లా ముందే చూసుకుంటుంది. కానీ చూసుకుని ఇంట్లో కూర్చోదు, గొడుగైనా లేకుండా వచ్చేస్తుంది. గుండు పప్పు. మరక లేదు.

ఇంకోటీ గమనించింది. వచ్చిన దగ్గర్నుంచీ తనని ఏ వరసా పెట్టి పిలవలేదు. పిన్నీ అంటే తరుణ్ అన్నయిపోతాడు. అత్తా అంటే, ఇంకా ఒప్పుకోని మనిషిని తొందరపెట్టినట్టవుతుంది. ఎంత నిదానం.

నీలవేణి తువ్వాలు తెచ్చి పిల్ల చేతిలో పెట్టింది.

"అండీ గిండీ ఏటి, అత్తా అను. ముందా తల తుడుసుకో. నీకు మళ్లీ జొరమొస్తే ఈ వారం కూడా మావోడు గెలిసేత్తాడు."