సారమ్మ ఇంట్లో సరుకు

బుధవారం ఉదయం ఆరింటికి హత్య జరిగింది. హతుడి వయసు నాలుగేళ్ళు, బరువు తొమ్మిది కిలోలు, వృత్తి చేపలు పట్టడం. వైరు ఉచ్చు గొంతుకు బిగించి చంపి, తోలు ఒలుచుకుని, మిగిలినదాన్ని కృష్ణ ఒడ్డున రాళ్ళ మీద పారేసి పోయారు. చచ్చింది ఒక మగ నీటికుక్క.

పదకొండింటికల్లా నరసరావుపేటలో ఏజెంట్ గులాం మొహిద్దీన్‌కు పిలుపు వచ్చింది. వన్యప్రాణుల స్మగ్లింగ్‌ను పట్టుకునే రహస్య విభాగం ఆఫీసు అక్కడ ఒక జిరాక్స్ షాపు పైన ఉంది. బయట మాత్రం ఇన్సూరెన్స్ సలహాలు అని బోర్డు వేలాడుతుంటుంది. డైరెక్టర్ సరిత కూర్చోమని కూడా అనలేదు.

"తోలు వాళ్ళకి బోనస్. అసలు టార్గెట్ పిల్లలు. మూడున్నాయి. బ్యాంకాక్ ముఠా. అక్కడ డబ్బున్నవాళ్ళు బాత్‌టబ్‌లో పెంచుకుంటారు."

"ఎన్నాళ్ళు బతుకుతాయి?"

"ఫొటో దిగేదాకా."

ఆమె ఒక ఆడియో వినిపించింది. ముందురోజు రాత్రి పట్టుబడిన ఫోన్ కాల్ అది. మెషీన్‌తో మార్చేసిన గొంతు రెండే ముక్కలు చెప్పింది: సరుకు సారమ్మ ఇంట్లో ఉంది, గురువారం పొద్దున పదింటికి అందిస్తా. సారమ్మ అంటే బెల్లంకొండ దాటాక వచ్చే వేములమడ కాలనీలో ఉండే మనిషి. నీటికుక్కల్ని కాపాడే వాలంటీర్లలో ఒకతె. ఆ ఉదయమే ఎనిమిదింటికి రెండు జీపులు వెళ్ళి ఆమె ఇల్లు సోదా చేసి వచ్చాయి. బియ్యం డబ్బా బోర్లించి చూసినా, పెరట్లో రెండు కోళ్ళు తప్ప ఏమీ దొరకలేదు.

"లోపల మన మనిషి యమున ఉంది. ముఠా దృష్టిలో ఆమె వాళ్ళ ఫొటోగ్రాఫర్. ఇద్దరికీ రిపోర్టులిస్తోంది. నిజం ఎవరికి చెబుతోందో నువ్వే తేల్చు" అంది సరిత.

మధ్యాహ్నానికి మొహిద్దీన్ చేపల సేటుగా మారి కాలనీలో దిగాడు. గళ్ళ లుంగీ, ఐస్ పెట్టె, ఎలక్ట్రానిక్ కాటా. కాటా అడుగున ఒక మైకు, ఒక పిస్టలు. కొర్రమీను తూచబోతే అది నాలుగొందల గ్రాములు ఎక్కువ చూపించేది. గూఢచారి పరికరాన్ని తయారుచేసిన ఇంజినీరు ఏనాడూ సంతకు పోలేదని దాన్ని చూస్తేనే తెలుస్తుంది.

వేములమడ ఇప్పుడు రిజర్వాయరు అడుగున ఉంది. ఊరివాళ్ళను తెచ్చి ఈ గట్టు మీద వరసల్లో పడేశారు. ఎండాకాలం నీళ్ళు దిగితే పాత ఊరి మొండిగోడలు బయటపడతాయి. ఆ గోడల్లోకి నీటికుక్కలు చేరాయి. అవి వలలు చింపుతాయని మొదట్లో అందరూ రాళ్ళు విసిరినవాళ్ళే. ఒకనాడు పడవ నడిపే యల్లమంద, అరవై ఏళ్ళ మనిషి, పదిమందినీ పిలిచి గోడల దగ్గర ఇక వలెయ్యొద్దన్నాడు. ఆయన మాట మీద పదకొండుమంది వాలంటీర్లు తయారయ్యారు. వంతులు వేసుకుని, ఒక పూట కూలి పోగొట్టుకుని మరీ పడవల్లో కాపలా కాస్తున్నారు. ఈ దేశంలో జీతం లేని ఉద్యోగమొక్కటే ఇంత శ్రద్ధగా జరుగుతుంది.

సోదా జరిగినందుకు సారమ్మ మండిపడుతోంది. చేపలు తూచినంతసేపూ తిట్టింది.

"మా ఇల్లు కావాలంటే నీళ్ళలో దూకి ఎతుక్కోమను. ఇది ఇల్లేంది సాయిబూ, కాలనీ."

మొహిద్దీన్ ఆ మాట విన్నాడు, పట్టించుకోలేదు. అతని కళ్ళు యమున మీదున్నాయి. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర స్కార్ఫు, చేతిలో మూరెడు లెన్సున్న కెమెరా. ఆమె నడిచి వస్తుంటే అరుగుల మీద పేకాట ఆగిపోయింది.

"బొచ్చె ఎంత?" అందామె. అది కోడ్.

"బొచ్చె అయిపోయింది. జెల్లలే ఉన్నాయి."

కోడ్ కలిసింది కానీ నమ్మకం కుదరలేదు. ముఠా తనకు చోటు చెప్పలేదనీ, పిల్లల్ని అందించేది ఎవరో కూడా దాచారనీ ఆమె చెప్పింది. ఆ చెప్పడం అతనికి మరీ నున్నగా తోచింది. ఆ సాయంత్రమంతా ఆమె వెనకే తిరిగాడు. గోడల వైపు ఒక్కసారైనా చూడలేదు.

గురువారం తొమ్మిదింబావుకు ఇక లాభం లేదని సూటిగా అడిగాడు, సోదా జరిగిన వేళకి నువ్వెక్కడున్నావని.

"సారమ్మ ఇంట్లో టీ తాగుతున్నా. అదిగో, ఆ సందులో మూడో ఇల్లు."

అప్పటికిగానీ అతని బుర్రలో వెలగలేదు. కాలనీలో ఎవరూ ఆ గదుల్ని ఇల్లు అనరు. కాలనీకి పోతున్నా అంటారు, కాలనీలో పడుకున్నా అంటారు. ఇల్లంటే నీళ్ళలోదే. యమునకు ఆ తేడా తెలియదు. ఫోన్లో సారమ్మ ఇల్లు అన్నవాడికి తెలుసు. అంటే సరుకు నీళ్ళలోని ఇంట్లో ఉంది. ఆ గోడల దగ్గరికి పోయేది కాపలావాళ్ళే కాబట్టి, అన్నవాడు పదకొండుమందిలో ఒకడు. ఈ మాత్రం దానికి డిపార్ట్‌మెంటు రెండు జీపులు పంపి బియ్యం డబ్బా వెతికించింది.

పరుగున పోయి, ఈ పూట గోడల దగ్గర వంతు ఎవరిదని సారమ్మని అడిగాడు.

"యల్లమందన్నది" అంది ఆమె. అతని మొహం చూసి తెడ్డు అందుకుంది.

అవతలి ఒడ్డు తెలంగాణ. అక్కడో తెల్లకారు ఆగి ఉంది. దాన్ని నాకు వదిలెయ్యమని యమున ఇంజిన్ పడవ ఎక్కింది. సారమ్మ మొహిద్దీన్‌ను ఎక్కించుకుని మునిగిన సందుల గుండా, ఒకప్పుడు కాలినడకన తిరిగిన దారిలోనే పడవ నడిపింది.

తొమ్మిదీ యాభై ఆరు. పైకప్పు లేని ఇంట్లో, నడుము లోతు నీళ్ళలో యల్లమంద నిలబడి ఉన్నాడు. చేతుల్లో ఇనుప బోను. అందులో మూడు పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కీచుమంటున్నాయి. గోడ అవతల తల్లి ఈలలు వేస్తోంది. మొహిద్దీన్ పిస్టలు తీశాడు. ముసలాయన బోనును వాకిలి అవతలి లోతు మీదికి చాపాడు.

"కాల్చు సాయిబూ. ఇవీ నాతోనే వస్తయ్."

"నువ్వే గదన్నా మాకు కాపలా నేర్పింది" అంది సారమ్మ.

"నేనే. మన గోడల్లో ఎవరో ఒకరు కాపరం ఉండాలనుకున్నా." ఆయన మాట ఆగి ఆగి వచ్చింది. "ముంపు లిస్టులో నా పేరు లేదు. సర్వే నాడు మాచర్ల కాడ క్వారీలో రాళ్ళు కొడుతున్నా. ఇంట్లో లేనోడికి ఇల్లు లేదన్నారు. పదేళ్ళు తిరిగా. చెల్లెలి వరండాలో పడుకుంటున్నా. నిన్న ఆరింటికి అది చచ్చింది. ఎనిమిదింటికల్లా రెండు జీపులొచ్చినయ్. నాకోసం ఒక్క సైకిలన్నా వచ్చిందా?"

మొహిద్దీన్ పిస్టలు దించాడు. ఇలాంటప్పుడు దించమని ట్రైనింగ్‌లో ఎవరూ నేర్పలేదు.

కారంపూడిలో రెండు సెంట్ల స్థలం కొనిస్తామన్నారట ముఠావాళ్ళు. పిల్లల్ని మాత్రమే అడిగారట, మగదాన్ని చంపుతామని చెప్పలేదట. ఆ మాట చెబుతూ యల్లమంద తల దించుకున్నాడు.

తొమ్మిదీ యాభై తొమ్మిది. అవతలి ఒడ్డు నుంచి కారు హారన్ రెండుసార్లు మోగింది.

సారమ్మ పడవ దిగి, తన వంటింట్లో నీళ్ళను చేతులతో నెట్టుకుంటూ ఆయన ముందుకు వెళ్ళింది.

"నా పొయ్యి కాడ నుంచి పసిబిడ్డల్ని ఎత్తుకుపోయి ఇల్లు కట్టుకుంటావా? ఆ ఇంట్లో నీకు నిద్ర పట్టుద్దా అన్నా?"

యల్లమంద బోనును వెనక్కి లాక్కున్నాడు. తర్వాత ఆమె చేతుల్లో పెట్టాడు.

"పట్టుకో. చేతులు లాగుతున్నయ్."

సరిగ్గా పదింటికి అవతలి ఒడ్డున ఒక తుపాకీ మోత, టైరు పేలిన శబ్దం వినిపించాయి. యమున లెన్సులో ఉన్నది అద్దం కాదని ముఠా మనిషికి అప్పుడే తెలిసింది. బోను తలుపు తీయగానే మూడు పిల్లలూ గోడ బొరియలోకి జారుకున్నాయి. మిషన్ సక్సెస్. సారమ్మ మాత్రం నీళ్ళలోనే నిలబడి ఏడ్చింది. ఆ ఏడుపు నీటికుక్కల కోసం కాదు.

సాయంత్రం ఫారెస్ట్ రేంజి ఆఫీసులో ముఠా మనిషి వకీలు కోసం ఫోన్ అడుగుతున్నాడు. యల్లమంద ఏమీ అడగలేదు. సరిత ఫోన్ చేసి మొహిద్దీన్‌కు మెడల్ రికమెండ్ చేస్తానంది. గుమాస్తా కేసు ఫారం నింపుతూ నిందితుడి పేరు, తండ్రి పేరు, ఇంటి చిరునామా అడిగాడు.

"వేములమడ. మూడు బార్ ఇరవై ఏడు" అన్నాడు యల్లమంద.

అలాంటి ఊరు రికార్డుల్లో లేదని గుమాస్తా పెన్ను ఆపాడు. అదే రాయమన్నాడు మొహిద్దీన్.

గుమాస్తా రాశాడు. ఫొటో అంటించి, వేలిముద్ర తీసుకుని, గుండ్రటి సీలు గుద్దాడు. వేములమడలో యల్లమందకు ఇల్లు ఉందని ప్రభుత్వం పదేళ్ళ తర్వాత మూడు కాపీల్లో ఒప్పుకుంది.