రాళ్లగుంతలో గొణుగుడు

ఎర్రగుంట్ల నుంచి జమ్మలమడుగు పోయే దారిలో, ఊళ్లకు దూరంగా పాత నాపరాళ్ల గుంత ఒకటి ఉండేది. రాయి తీయడం మానేసినాక వాననీళ్లు నిలిచి, అడుగు కనపడకుండా నల్లగా ఉండేది. పొద్దు గుంకితే ఆ దారిన ఎవరూ నడిచేవాళ్లు కాదు. గుంతలోంచి గొణుగుడు వినిపిస్తుందని... గట్టుమీద తెల్లబట్టల మనిషి కూచోనుంటాడని... చూసినవాళ్లు జ్వరమొచ్చి మంచం పట్టినారని చెప్పుకునేవాళ్లు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఈ సంగతి నాకు చెప్పింది జట్కా వలి బాషా. ఎర్రగుంట్లలో రాత్రి రైలు దిగినవాళ్లను జమ్మలమడుగుకు తోలుకొచ్చేది ఆయనే. ఎవరు తప్పించుకున్నా ఆయనకు ఆ దారి తప్పదు.

ఒక రాత్రి బేరం దొరకలేదు. ఉత్త బండి తోలుకొని ఇంటికొస్తున్నాడు. గుంత దగ్గరికి రాగానే గుర్రం ఆగిపోయింది. అదిలిస్తే కదలదు. కొట్టినా కదలదు.

అప్పుడు వినపడింది... సన్నగా, ఒకే మాట మళ్లీ మళ్లీ అంటున్నట్టు.

గట్టుమీద తెల్లగా ఏదో ఉంది.

 వలి బాషా బండి లాంతరు తీసి పైకెత్తినాడు. ఆ తెల్లది నిదానంగా తల తిప్పింది —

ఇన్నాసి సామి. దగ్గరి పల్లెలో కతోలిక గుడి గురువు. మోకాళ్లమీద ఉన్నాడు. చేతిలో జపమాల.

"ఏంది సామీ... ఈడ, ఇంత రాత్రిపూట?"

"ప్రార్థన చేసుకుంటాండా."

"ఎవురి కోసరం?"

సామి జపమాల జేబులో వేసుకున్నాడు. లేచి, అంగీకి అంటిన దుమ్ము దులుపుకొని, సైకిలెక్కి పోయినాడు.

దెయ్యం కాదని తెలిసి వలి బాషా దారంతా నవ్వుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు.

ఆ పల్లెలోనే దీవెనమ్మ అని ఒకామె ఉండేది. మొగుడు దేవదానం రాళ్ల పని చేసేవాడు. రెండేళ్ల కిందట ఒక రాత్రి ఇంటికి రాలేదు. బొంబాయి మిల్లుకు పోయినాడని అతని తమ్ముడు యేసురత్నం చెప్పినాడు. అప్పట్నించి ఆమె ఆదివారం పూజ అయినాక పోస్టుకార్డు పట్టుకొని సామి ముందర నిలబడేది.

"నా మొగునికి జాబు రాయి సామీ."

"నా చేత కాదమ్మా."

ఊరందరికీ జాబులు రాసే చెయ్యి అది. ఆమెకు మాత్రం రాయలేదు.

మరుసటేడు ఎండలకు గుంత ఎండిపోయింది. గొర్రెల కాపర్లు దిగి చూస్తే, రాతిపలకల కింద ఎముకలు. చేతి ఎముకకు వెండి కడియం. దీవెనమ్మ దాన్ని గుర్తుపట్టింది. ఏడవలేదు. "సామికి తెలుసు," అంది.

పోలీసులు ఆ దారిలో తిరిగేవాళ్లందరినీ అడిగినారు. వలి బాషా తను చూసింది చెప్పినాడు. దాంట్లో తప్పేముందో ఆయనకు తోచలేదు.

ఇన్నాసి సామిని పట్టుకపోయినారు. గుంతలో శవం ఉందని నీకెట్లా తెలుసని అడిగినారు. కొట్టి అడిగినారు. సామి నోరు విప్పలేదు. నాలుగు నెలలు కడప జైల్లో ఉన్నాడు. సాక్ష్యం చాలక కోర్టు విడిచిపెట్టింది. తిరిగొస్తే గుడికి ఒక్కరూ రాలేదు. పిల్లల్ని ఆయన కంటపడనిచ్చేవాళ్లు కాదు. పైవాళ్లు ఆయన్ను వేరే జిల్లాకు పంపించేసినారు.

పోయేరోజు సాయంత్రం ఎర్రగుంట్ల రైలుకని సామి పెట్టె వలి బాషానే బండిలో పెట్టినాడు.

"సామీ, నా నోటితోనే..."

"చూసింది చెప్పినావు. తప్పు లేదు."

ఆయన ముఖంలో కోపం లేదు, బాధా లేదు. ఏమీ లేదు.

ప్లాట్‌ఫారం మీద యేసురత్నం నిలబడి ఉన్నాడు. పెట్టె ఎత్తి రైల్లో పెట్టి, కిటికీ కింద తల వంచుకున్నాడు. సామి కమ్మీల్లోంచి చెయ్యి చాపి ఆ తలమీద పెట్టినాడు. రైలు కదిలింది.

తిరుగుదారిలో యేసురత్నం వలి బాషా బండే ఎక్కినాడు. చీకటి పడింది. శానా దూరం వచ్చినాక వెనకనుంచి గొంతు —

"మామా... మా అన్నను చంపింది నేనే."

వలి బాషా వెనక్కి తిరగలేదు. కళ్లేలు మాత్రం గట్టిగా పట్టుకున్నాడు.

"ఇద్దరం తాగిండాం. మాటా మాటా పెరిగింది. చేతిలో గడ్డపార ఉండె... ఆ యేడే గుళ్లో సామి చెవిలో పాపసంకీర్తనం చేసుకున్న్యా. పోయి పోలీసోళ్లకు చెప్పమన్యాడు సామి. నాకు ధైర్యం చాలల్యా. మేం చెవిలో చెప్పుకున్న పాపం సాములు ప్రాణం పోయినా బైట పెట్టకూడదు మామా."

బండి గుంత దాటింది.

"కోర్టులో ముందు వరసలోనే కూచోనింటి. సామి ఒగసారి గూడా నా పక్క చూడల్యా."

జమ్మలమడుగు దీపాలు కనపడినాయి.

"పోలీస్ స్టేషన్ కాడికి పోనిచ్చేదా?" వలి బాషా మెల్లగా అడిగినాడు.

బండి పల్లెదారి చీలిన చోటికి వచ్చింది.

"ఇంటికే పోనీ మామా."

ఇంటికే దింపినాడు. యేసురత్నం ఇంకో ఇరవై ఏళ్లు బతికినాడు. దీవెనమ్మ, మరిది పెట్టిన కూడే తిని, ఆ ఇంట్లోనే కన్నుమూసింది.

"నువ్వన్నా ఎవురికీ చెప్పలేదేం మామా?" అని నేను అడిగినా.

వలి బాషా నా పక్క చూడలేదు.

"ఒగసారి చూసింది చెప్పినా గదప్పా," అన్నాడు.