మూడో ఫ్లోరులో మరకతవల్లి

కోడంబాకంలో మా వీధి చివరి స్టూడియోలో, షూటింగులు మానేసిన మూడో నంబరు ఫ్లోరు ఒకటుంది. పెద్ద రేకుల షెడ్డు. ఎప్పుడో ఒక హీరోయిన్, మొదటి పిక్చరు పూర్తికాకుండానే పోయిందట. చీకటి పడితే లోపల తిరుగుతుందట. నేను వినలేదు, చూడలేదు. విగ్గులు కుట్టుకునేదాన్ని, దీపాలు పెట్టకముందే ఇల్లు చేరతాను. ఇది వెనక గేటు దగ్గర టీకొట్టు అంతోని చెప్పిన సంగతి.

మరకతవల్లి రెండు పిక్చర్లలో హీరోయిన్. తర్వాత హీరోకి చెల్లెలు. ఆ తర్వాత వదిన. నలభై నిండకుండానే తల్లి... అదీ తనకంటే పెద్దవాడైన హీరోకి! చివరికి ఆ తల్లి వేషాలూ పోయి, ఫోను మోగడమే మానేసింది.

దర్శకుడు ఇళంగోవన్ దెయ్యం పిక్చరు తీస్తున్నాడని విని స్టూడియోకి వెళ్ళింది.

"తమ్ముడూ, ఆ దెయ్యం వేషం నాకియ్యి."

"మీ మొహం చూస్తే ఎవరు భయపడతారక్కా? ఇంకాస్త సాంబారు వడ్డించమంటారు!"

గదంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. బయటికొచ్చాకే కళ్ళు తుడుచుకుంది.

ఆ సాయంత్రం కరెంటు పోయింది. ఇళంగోవన్ కారు వెనక గేటు దగ్గరుంది. దారి... మూడో ఫ్లోరు పక్కనుంచే.

నడిచాడు. ఒక్కడే. వినిపించే చెప్పుల చప్పుడు తనదేనా అని ఆగి ఆగి చూసుకుంటూ—

లోపల... ఎవరో...

ఏడుపు!

సన్నగా మొదలై, గొంతు చీరుకుపోతూ, "వదులు... నన్నొదులు..." అని—

తలుపు భళ్ళున తెరుచుకుంది. తెల్లచీర. విరబోసుకున్న జుట్టు. చేతులు చాచి, సూటిగా తన మీదికే!

ఇళంగోవన్ చెప్పులొదిలేసి పరుగు.

"తమ్ముడూ, ఆగు! నేనే! ఆగు!"

దెయ్యం తమ్ముడూ అని పిలిస్తే ఆగేదెవరు? టీకొట్లో దూరి అంతోని వెనక నక్కాడు. ఆకారం రొప్పుతూ వచ్చి బెంచీ మీద కూలబడింది. అంతోని కొవ్వొత్తి ఎత్తి చూశాడు.

"మరకతమక్కా! మీరా!"

అంతోని వెనకనుంచి బయటికొచ్చాడు ఇళంగోవన్. "వేషం మీదేనక్కా. ఇంకెవర్నీ చూడను."

అన్నమాట నిలబెట్టుకున్నాడులెండి. ఇప్పుడు తమిళ పిక్చర్లలో దెయ్యమంటే ఆమెనే పిలుస్తారు.

"కానీ ఆ ఏడుపు... అట్లా ఎలా ఏడ్చారక్కా?" అని ఆ రాత్రే అడిగాడు ఇళంగోవన్.

ఆమె అంతోని ఇచ్చిన టీ గ్లాసు బెంచీ మీద పెట్టింది.

"ఏడుద్దామనుకోలేదు తమ్ముడూ. కారు కోసం ఇటే వస్తావు కదా, తలుపు సందులోంచి ఒక్క నవ్వు నవ్వి బెదరగొడదామని నించున్నా. ఇంతలో... వెనకనుంచి ఎవరో కొంగు పట్టుకున్నారు."

"ఏ మేకుకో తగులుకునుంటుంది," అన్నాడు అంతోని.

"మేకు వదిలేసి మళ్ళీ పట్టుకుంటుందా, అంతోనీ?"

అంతోని కొవ్వొత్తిని దగ్గరికి జరుపుకున్నాడు.

"నా హ్యాండ్‌బ్యాగు లోపలే ఉండిపోయింది," అంది మెల్లగా. "ఎవరైనా తోడొస్తారా?"

ఇళంగోవన్ అంతోని వంక చూశాడు. అంతోని పొయ్యి వంక చూశాడు.

"ఇంకో టీ తాగండక్కా," అన్నాడు. "తెల్లారాక చూద్దాం."