పందొమ్మిది పేర్లు

రమాదేవిని గుద్దిన లారీకి నంబర్ ప్లేటు లేదు.

మంగళవారం ఉదయం పదీ ఇరవైకి, పిడుగురాళ్ల బైపాస్ మీద, సున్నపు బట్టీల వైపు తిరిగే మలుపులో ఆమె స్కూటీని వెనక నుంచి గుద్ది ఆగకుండా వెళ్లిపోయింది. ఆమె అక్కడే ప్రాణం విడిచింది. ఆ రోడ్డు మీద రాళ్ల లారీలు తరచూ ఎవరినో ఒకరిని గుద్దుతూనే ఉంటాయి కాబట్టి కాగితాల మీద అది యాక్సిడెంట్ అయింది. మెడలో గొలుసు మెడలోనే ఉంది. సెల్‌ఫోన్ పగిలి పక్కనే పడి ఉంది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పోయింది ఒక్క నోట్‌బుక్ మాత్రమే.

గురువారం నాడు నడికుడి జంక్షన్‌లో, రెండో ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద కాలేషా కూర్చున్నాడు. ముప్పై తొమ్మిదేళ్లవాడు. పదకొండేళ్లుగా ఇంటెలిజెన్స్‌లో ఫీల్డ్ ఏజెంట్. జామకాయల సంచితో ఒకావిడ వచ్చి పక్కన కూర్చుని, పట్టాల వైపు చూస్తూ అడిగింది.

“సున్నం తడిసిందా?”

“ఇంకా పొడిగానే ఉంది,” అన్నాడు కాలేషా.

ఆవిడ అతని పై అధికారి జ్యోతిర్మయి. గుంటూరు బండి వచ్చేలోపు బ్రీఫింగ్ పూర్తి చేసింది.

పిడుగురాళ్లలో ‘దరి’ అనే సేవాసంస్థ ఉంది. క్వారీ దుమ్ముతో ఊపిరితిత్తులు పోయినవాళ్లకు పింఛను కాగితాలు, ఇల్లు వదిలి వచ్చిన ఆడవాళ్లకు ఆశ్రయం, పేరు బయటపడకూడని జబ్బులవాళ్లకు మందులు. మొత్తం రెండు వేల మందికి పైగా దాని మీద ఆధారపడి ఉన్నారు. వాళ్లలో పందొమ్మిది మంది అమ్మాయిలది వేరే కథ. కాల్ సెంటర్ ఉద్యోగమని విదేశానికి తీసుకెళ్లి, ముళ్లకంచె వెనక ఒక బిల్డింగ్‌లో బంధించి, రోజుకు పదహారు గంటలు ఇక్కడి జనాన్నే ఫోన్లలో మోసం చేయించారు. పోయినేడు తప్పించుకుని వచ్చారు. ఇరవై ఒకటో తారీఖున కోర్టులో సాక్ష్యం చెప్పబోతున్నారు. వాళ్లు నోరు విప్పితే ఆ విదేశీ ముఠాకు ఇక్కడ మనుషుల్ని పంపే నెట్‌వర్క్ మొత్తం కూలిపోతుంది.

వాళ్లను దాచింది రమాదేవి. ‘దరి’లో కౌన్సెలర్. పద్ధతి కూడా ఆమెదే. సంస్థ కంప్యూటర్‌లో రెండు వేల నంబర్లు, వాటి ఎదురుగా చిరునామాలు. పేర్లు ఉండవు. వాటిలో ఆ పందొమ్మిది మందివి ఏవో ఆమె నోట్‌బుక్‌లో మాత్రమే ఉంటుంది. రెండూ ఒకేచోట చేరితే తప్ప ఆ పందొమ్మిది మంది ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. వాళ్లలో ఒక్కరి సంగతి మాత్రం, ప్రధాన సాక్షి తిరుపతమ్మ నూజెండ్లలో ఉందని, జ్యోతిర్మయికి తెలుసు. ఆ సంగతి ఇప్పుడు కాలేషాకు చెప్పింది. మూడో మనిషికి చెప్పలేదు.

“నోట్‌బుక్ పోయింది. కంప్యూటర్ కూడా పోతే అంతా అయిపోయినట్టే,” అంది జ్యోతిర్మయి. “డేటా ఆపరేటర్‌గా వెళ్లు. లోపల మనకొక ఇన్ఫార్మర్ ఉంది. కోడ్ ఇదే.”

జామకాయల సంచి అక్కడే వదిలేసి రైలెక్కింది. సంచి అడుగున రెండు వస్తువులు ఉన్నాయి. ఒకటి కంప్యూటర్ వెనక గుచ్చే వేలిగోరంత పరికరం. రెండోది బండి తాళంచెవిలా కనిపించే రిమోట్. ముప్పై మీటర్ల లోపు నుంచి నొక్కితే హార్డ్‌డిస్క్ మొత్తం చెరిగిపోతుంది.

సోమవారం నాడు కాలేషా ‘దరి’లో చేరాడు. సంస్థ సెక్రటరీ గోపాలకృష్ణయ్య డెబ్బై దాటిన రిటైర్డ్ సైన్సు మాస్టారు. ఇరవై రెండేళ్ల క్రితం ఇంటి ముందు గదిలో ఆ సంస్థను మొదలుపెట్టింది ఆయనే. వచ్చినవాళ్ల బాధ విని ఆయనే ముందు కళ్లు తుడుచుకుంటాడు. కాలేషాకు టీ తెప్పించి, పాస్‌వర్డ్ గోడ మీద క్యాలెండర్ పక్కన రాసి ఉందని చూపించాడు. ఆయన అటు తిరగగానే కాలేషా ఆ చిన్న పరికరాన్ని కంప్యూటర్ వెనక గుచ్చాడు. బీరువాకు తాళం లేదు. రోగుల రిపోర్టులు ఫ్యాన్ గాలికి ఎగరకుండా వాటి మీద పెట్టిన సున్నపురాయి ఒక్కటే ఆ కాగితాలకున్న సెక్యూరిటీ. పదకొండేళ్ల సర్వీసులో శత్రువులను చూసి భయపడని కాలేషా, ఆ రాయిని చూసి భయపడ్డాడు.

మధ్యాహ్నం తెల్ల కారు వచ్చి ఆగింది. అందులోంచి దిగిన మనిషిని చూసి ఎదురు కొట్టువాళ్లు తూకం మరిచిపోయారు. బూడిదరంగు పట్టుచీర, చిన్న జుట్టు, నల్ల కళ్లద్దాలు. పేరు ప్రత్యూష. సంస్థకు నిధులిచ్చేవాళ్ల తరఫున వచ్చిన కన్సల్టెంట్. రికార్డులన్నీ క్లౌడ్‌లోకి ఎక్కించాలి, డాష్‌బోర్డ్‌లో కనిపించాలి, శనివారం మైగ్రేషన్ అని గోపాలకృష్ణయ్యకు వివరించింది. ఆయన అన్నిటికీ తల ఊపాడు. ఆయన టీ కోసం లేవగానే ఆమె కాలేషా వైపు తిరిగింది.

“సున్నం తడిసిందా?”

“ఇంకా పొడిగానే ఉంది.”

“నన్ను నమ్మొచ్చు,” అని నవ్వింది. ముఠా ఆరు నెలల క్రితం తనను కొనడానికి వచ్చిందనీ, తాను ఒప్పుకున్నట్టు నటిస్తూ జ్యోతిర్మయికి అంతా చేరవేస్తున్నాననీ చెప్పింది. కాలేషా ఫోన్ చేసి కనుక్కున్నాడు. నిజమే. ఆ నాలుగు రోజులూ ఆమె ఇచ్చిన ప్రతి సమాచారం నిజమే అయింది.

శుక్రవారం ఉదయం ఆమె తొందరగా వచ్చింది. నోట్‌బుక్ ఉన్న మనిషి ఒంటిగంటకు నరసరావుపేటలో ఒక లాడ్జికి వస్తున్నాడంది. రూమ్ నంబర్ ఇచ్చింది. కాలేషా బండి తీస్తుంటే గుమ్మం దాకా వచ్చి, కొంచెం దిగులుగా అంది.

“ఆ తిరుపతమ్మ నూజెండ్లలో ఒక్కతే ఉంటోంది, పాపం. కనీసం ఆమెకైనా ఎవరినైనా కాపలా పెట్టండి.”

అలాగే అని బయల్దేరాడు. కొండమోడు దాటాక ఆ మాట మళ్లీ చెవిలో పడినట్టయింది. పేరు నోట్‌బుక్‌లో ఉంది. ఊరు కంప్యూటర్‌లో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు తప్ప ఆ మాట అనలేరు.

బండి తిప్పాడు.

జ్యోతిర్మయికి ఫోన్ చేస్తే మనుషులు వచ్చేసరికి నలభై నిమిషాలు పడుతుందంది. అతను పదిహేను నిమిషాల్లో చేరాడు. ఆఫీసు తలుపు లోపల గడియ పెట్టి ఉంది. గోపాలకృష్ణయ్యను ఏదో పని మీద బయటికి పంపేసింది కాబోలు. పక్క సందులోకి పరుగెత్తి కిటికీ ఊచల్లోంచి చూశాడు. ప్రత్యూష కుర్చీలో వెనక్కి వాలి, ప్రశాంతంగా స్క్రీన్ చూస్తోంది. అప్‌లోడ్ తొంభై నాలుగు శాతం. పూర్తిగా చేరితే తప్ప ఆ ఫైలు అవతల తెరుచుకోదు. జేబులో రిమోట్ నూలుపోగులో చిక్కుకుంది. తొంభై ఆరు. లాగాడు. జేబు చిరిగింది. తొంభై ఎనిమిది.

నొక్కాడు. స్క్రీన్ నల్లబడింది.

ఆమె తల తిప్పి కిటికీ వైపు చూసింది. అరవలేదు, పారిపోలేదు. జ్యోతిర్మయి మనుషులు వచ్చి సోదా చేస్తే హ్యాండ్‌బ్యాగ్ అస్తరు కింద రమాదేవి నోట్‌బుక్ దొరికింది. పందొమ్మిది పేర్లు, పొందికైన చేతిరాతలో.

జీపు ఎక్కేటప్పుడు ప్రత్యూష ఒక్క విషయం చెప్పింది. సోమవారం నుంచీ అవతలివాళ్లు తన ఫోన్ ఎత్తడం లేదట. “ఎందుకో నాకూ అర్థం కాలేదు,” అంది. కాలేషా దాన్ని పట్టించుకోలేదు.

హార్డ్‌డిస్క్‌తో పాటు రెండు వేల మంది పింఛన్ల వివరాలు, మందుల తేదీలు కూడా పోయాయి. వేరే కాపీ లేదు. అయినా ఆ పందొమ్మిది మంది బతికారు గదా అనుకున్నాడు. ఆ కబురు తిరుపతమ్మకు తనే చెప్పాలనిపించి ఆ మధ్యాహ్నమే నూజెండ్ల వెళ్లాడు.

ఊరి చివర ఒక్క గది ఇల్లు. తిరుపతమ్మకు ఇరవై ఆరేళ్లు. తండ్రి బక్కయ్య క్వారీ కూలీ. రాళ్లు కొట్టి ఆమెను డిగ్రీ చదివించాడు. కాలేషా వెళ్లేసరికి ఆమె బట్టలు గోనెసంచిలో కుక్కుతోంది. గది మధ్యలో కొత్త కుట్టుమిషన్, కవరు కూడా తీయకుండా ఉంది. రమాదేవి తరఫు మనిషినని చెప్పి, ఇక భయం లేదనీ, కంప్యూటర్‌లోంచి ఏదీ బయటికి పోలేదనీ వివరించాడు.

ఆమె అంతా విని ఫోన్ తీసి అతని చేతిలో పెట్టింది.

“సోమారం వచ్చిందన్నా ఫోను. ఈ ఇల్లు, ఈ గుమ్మం, ఈ మిషను రంగు, అన్నీ చెప్పాడు. కోర్టు మెట్టెక్కితే మా నాయన్ని కూడా రమాదేవక్క దగ్గరికే పంపుతానన్నాడు.”

కాలేషా ఫోన్‌లో తేదీ చూశాడు. సోమవారం, ఉదయం తొమ్మిదీ పది. తను ‘దరి’లో చేరిన రోజు. నోట్‌బుక్, కంప్యూటర్ ఒకచోట చేరడానికి నాలుగు రోజుల ముందు. తక్కిన పద్దెనిమిది మందికీ అదే రోజు ఫోన్లు వచ్చాయంది.

రక్షణ ఏర్పాటు చేయిస్తానన్నాడు. ఎక్కడికి వెళ్తున్నావని అడిగాడు. ఆమె గోనెసంచి మూతి బిగించి కట్టింది.

“అడగొద్దన్నా. నువ్వు మంచోడివే. కానీ నీకు చెప్తే నువ్వు ఏడనో ఒకచోట రాస్తావు.”

కుట్టుమిషన్ ఎవరిచ్చారని మాత్రం అడిగాడు.

మర్నాడు పొద్దున్నే గోపాలకృష్ణయ్య ముందు కూర్చున్నాడు. ఆయన దాచలేదు. దాచవలసింది ఉందని కూడా ఆయనకు తెలియదు. రమాదేవి పోయిన నాలుగో రోజు, శనివారం, సంతాప సభ పెట్టాడు. కబురు పెట్టకపోయినా ఆ పందొమ్మిది మందీ ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఆమె ఫొటో ముందు కూర్చుని ఏడ్చారు. రమాదేవి వాళ్ల కోసం శాంక్షన్ చేయించిన మిషన్లు గోడౌన్‌లో ఉన్నాయి. ఆమె పేరు మీద ఆ సభలోనే పంచితే ఆత్మ శాంతిస్తుందనుకున్నాడు. ఒక్కొక్కరినీ పలకరించి పేరు, ఊరు, ఏ వీధో రాసుకున్నాడు. మిషన్లు ఇళ్లకు చేర్చిన ఆటోవాడితో గుమ్మాల ముందు ఫొటోలు తీయించాడు. అన్నీ దాతల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

“ఆధారం పంపమన్నారు నాయనా. రమాదేవి ఉంటే ఫొటోలు తియ్యనిచ్చేది కాదు. ఆ పిల్ల పోయింది గదా, పని ఆగగూడదని నేనే చేశా,” అన్నాడు.

ఫోన్ తీసి చూపించాడు. గ్రూపులో రెండు వందల పద్నాలుగు మంది ఉన్నారు. పందొమ్మిది ఫొటోలు. ప్రతి ఫొటో కింద పేరు, తండ్రి పేరు, ఊరు, వీధి, ఫోన్ నంబరు. అక్షరదోషం ఒక్కటీ లేదు. పైన ఒక వాక్యం: ‘ముఠా చెర నుండి బయటపడిన మన బిడ్డలు.’ కింద నూట ఆరు దణ్ణాలు. ఎవరు ఎవరికి ఫార్వర్డ్ చేశారో ఇక ఏ డిపార్ట్‌మెంటూ కనిపెట్టలేదు.

ఏం జరిగిందో కాలేషా నెమ్మదిగా, ఒక్కొక్క మాటగా చెప్పాడు. ముసలాయన వింటూ వింటూ ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాడు. దాన్ని తీసేయొచ్చా అని అడిగాడు. తీసేయొచ్చు మాస్టారూ అన్నాడు కాలేషా. ఎలా తీసేయాలో చూపించాడు. ఆయన పందొమ్మిది ఫొటోలూ ఒక్కొక్కటే తీసేశాడు. కాలేషా ఆపలేదు.

ఇరవై ఒకటో తారీఖున కాలేషా కోర్టు వరండాలో పొద్దున పదింటి నుంచీ నిలబడ్డాడు. పన్నెండుకు కేసు వచ్చింది. బంట్రోతు గుమ్మంలోకి వచ్చి, పద్ధతి ప్రకారం, ఒక్కో పేరునూ మూడేసి సార్లు గట్టిగా పిలిచాడు. పందొమ్మిది పేర్లు. వరండాలో ప్లీడర్లు, గుమాస్తాలు, టీ అమ్మేవాళ్లు అందరూ విన్నారు. ఎవరూ పలకలేదు. తిరుపతమ్మ పేరు పిలిచినప్పుడు కాలేషా గేటు వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించాడు. ఆమె రాలేదు. కేసు వాయిదా పడింది. ముద్దాయిల తరఫు ప్లీడరు చేతిగడియారం చూసుకుని భోజనానికి వెళ్లాడు.

రిపోర్టులో ‘సాక్షి ప్రస్తుత నివాసం’ అనే చోట కాలేషా ఏమీ రాయలేదు. అతనికి నిజంగా తెలియదు. తెలిసినా రాసేవాడు కాదు.

నెల తర్వాత జ్యోతిర్మయి అతనికి ఒక కవరు ఇచ్చింది. సున్నిత సమాచారం దేశం దాటిపోకుండా చివరి క్షణంలో అడ్డుకున్నందుకు డిపార్ట్‌మెంట్ ఇచ్చిన ప్రశంసాపత్రం. బంగారు అంచు, రాజముద్ర, సంతకం, అన్నీ ఉన్నాయి. పేరు ఉండాల్సిన చోట మాత్రం ఖాళీగా ఉంది. భద్రతా కారణాల వల్ల రాయలేదని ఆమె చెప్పింది.

ఆ మొత్తం వ్యవహారంలో బయటికి పొక్కకుండా కాపాడగలిగిన పేరు అదొక్కటే.