వెలుగు తగలని సీసా

కెమిస్టు కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే చచ్చిపోయాడు. చేతిలో టీ కప్పు కూడా ఒలకలేదు. గాయం లేదు, పెనుగులాట లేదు. బుగ్గలు మాత్రం అప్పుడే నడకకి వెళ్ళొచ్చిన మనిషికి మల్లే ఎర్రగా ఉన్నాయి.

"రక్తం నిండా ఆక్సిజనే," అన్నాడు చీఫ్, ఫోటో బల్ల మీద పడేసి. "వాడుకునే దిక్కే లేదు."

ఫోటో చూసిన ఏజెంటు దాన్ని బోర్లా తిప్పి పెట్టాడు. డిపార్టుమెంటులో అతని కోడ్ నేమ్ సింహం. ఆ పేరు పెట్టిన రోజున ఆఫీసంతా పడీపడీ నవ్వింది. చీకటంటే భయం, లిఫ్టంటే భయం, వెనకనించి ఎవరైనా దగ్గితే భయం. మిగతావాళ్ళు పిస్తోళ్ళు అడిగితే ఈయనగారు కళ్ళు జిగేల్మనే టార్చిలైటు అడిగి పుచ్చుకున్నాడు. అయినా ఇన్నాళ్ళు బతికి బట్టకట్టాడంటే ఆ భయం చలవే.

"విషమా సార్?"

"ఇన్హిబిటర్. మన ఒంట్లో కణాల్లో మైటోకాండ్రియా ఉంటాయి. చిన్నచిన్న పొయ్యిలనుకో. అందులో మంట రగిలించేది ఒక ఎంజైమ్. ఈ మందు వెళ్ళి ఆ ఎంజైమ్ మీద కూర్చుంటుంది. అంతే, పొయ్యి ఆరిపోతుంది. గాలి పీలుస్తూనే ఊపిరాడక చస్తారు."

సింహం గట్టిగా ఊపిరి పీల్చి చూసుకున్నాడు. ఇంకా ఆడుతోంది.

"దీన్నీ, దీనికి విరుగుడునీ చేసింది ఆ కెమిస్టే. యాక్టివేటర్. మొదటిదాన్ని నెట్టేసి ఎంజైమ్‌ని మళ్ళీ పనిలో పెడుతుంది. రెండూ కవలపిల్లలు, కొసన చిన్న తేడా. రెండూ పసుపురంగే. విదేశీ ముఠా మొదటిది ఎత్తుకుపోయింది. రెండోది ఇదిగో." నల్లకాగితం చుట్టిన స్ప్రే పెన్ను అందించాడు చీఫ్. "ఒక్కరికే సరిపోతుంది. వెలుగు తగలకూడదు. కాగితం విప్పకు."

"మొదటిది ఎక్కడ వదుల్తారు?"

"శాంతి చర్చల హాల్లో. ఈ మధ్యాహ్నమే."

సింహం మొహాన నెత్తురుచుక్క లేదు. ఆ హాల్లో దుబాసీగా పనిచేస్తున్నది అతని అక్క. అమ్మ పోయాక అతన్ని చంకనేసుకుని పెంచిన అక్క. తమ్ముడు ఏసీలు బాగుచేసుకుని బతుకుతున్నాడని నమ్మే అక్క.

"చర్చలు ఆపించండి సార్!"

"జనం లేచి కదిలితే చాలు, ముఠావాళ్ళు దూరం నుంచే మీట నొక్కేస్తారు. ఎవరికీ తెలియకుండా సీసా పట్టుకోవాలి. ముఠాలో మన మనిషి ఉంది. పేరు అత్తరు. దారి చూపిస్తుంది. నువ్వు ఏసీ మెకానిక్ వేషంలో వెళ్ళు, నీకు అలవాటేగా."

చీఫ్ విరుగుడు ఇచ్చింది అతని ప్రాణం కాపాడుకోడానికి. అతను మాత్రం అక్కడికక్కడే మనసులో అది అక్కకి ఇచ్చేశాడు.

మెషీన్ రూముకి వెళ్ళే మెట్లు ఇరుకు, చీకటి. మొదటి మలుపులో అతనికి అనుమానం వచ్చింది. పెన్ను కారిపోలేదు కదా? కాగితం విప్పి, టార్చి వేసి చూశాడు. ఉంది. మళ్ళీ చుట్టాడు. రెండో మలుపులో మరో అనుమానం. మూత వదులైందేమో? మళ్ళీ విప్పాడు, మళ్ళీ టార్చి. ఇంటికి తాళం వేసి నాలుగుసార్లు లాగి చూసే జాతి మనిషి, ఊరుకోమంటే ఊరుకుంటాడా! పై మెట్టు మీద కూడా చూశాడు. మందు చుక్క తగ్గలేదు.

రూములో గోడంత గాజు కిటికీ. కింద హాలు. గాజు బూత్‌లో చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని అక్క మాట్లాడుతోంది. చెయ్యి తిప్పుతూ మాట్లాడే అలవాటు ఆమెకి, ఎవరూ చూడకపోయినా సరే.

"ఉక్కగా ఉంది," అందో గొంతు వెనకనించి. గొంతుకంటే ముందు సుగంధం వచ్చింది.

ఎగిరిపడి కోడ్ అప్పజెప్పాడు. "కిటికీ తెరిస్తే జల్లు కొడుతుంది."

అత్తరు నవ్వింది. ముత్యాలరంగు గౌను, మోచేతుల దాకా తొడుగులు. హాల్లోకి తేమ పంపే గొట్టానికి బిగించి ఉంది సీసా, బొటనవేలంత, నల్లటేపు చుట్టి. పక్కనే టైమర్ టిక్‌టిక్‌మంటోంది.

"ఊడదీద్దాం, పట్టండి!"

"ఊడదీస్తే అక్కడికక్కడే తెరుచుకుంటుంది," అంది, బుల్లి పిస్తోలు అతని ఛాతీకి గురిపెట్టి. "విరుగుడు ఇలా ఇవ్వు. అందరూ పడిపోయాక నేను హాల్లోకెళ్ళి రహస్య కాగితాల పెట్టె తెచ్చుకోవాలి. మీ చీఫ్ దగ్గర్నించి రావాల్సింది ఇదొక్కటే, అందుకే ఇన్నాళ్ళూ మీవైపు ఉన్నాను."

"అది మా అక్కకండీ!" అనేశాడు, చిన్నపిల్లాడిలా.

ఆమె పెన్ను లాక్కుని, కాగితం చించి, నోట్లోకి కొట్టుకోబోయి ఆగింది. లోపల ఉన్నది పసుపురంగులో లేదు. మంచినీళ్ళలా ఉంది.

"విప్పావా?"

"భయమేసి... ఉందో లేదో అని..."

"టార్చి వేశావా?"

"చీకటి కదండీ!"

ఆ క్షణంలో గదిలో భయపడేవాళ్ళు ఇద్దరయ్యారు. అత్తరు టైమర్ వంక చూసింది, పెన్ను నేలమీద పడేసి, పిస్తోలు సంగతే మర్చిపోయి మెట్లమీద పడి పరిగెత్తింది. కింద తలుపు దగ్గర చీఫ్ మనుషులు ఉన్నారన్న మాట ఆమెకి గుర్తులేదు.

సింహానికీ పరిగెత్తాలనే ఉంది. ఒళ్ళంతా అదే చెబుతోంది. కిటికీలోంచి చూస్తే అక్క చెయ్యి తిప్పుతోంది. తన చేతకానితనంతో అక్క ప్రాణం తనే తీశాడు. ఏడుపు తన్నుకొచ్చింది.

ఏడుస్తూనే నేలమీది పెన్ను చూశాడు. నీళ్ళలా ఉంది. టార్చి దాన్ని చంపేసింది. రెండూ కవలపిల్లలన్నాడు చీఫ్. అయితే సీసాలోదీ చావాలిగా!

గోళ్ళతో నల్లటేపు పీకాడు. లోపల చిక్కటి పసుపు. టార్చి సీసాకి ఆనించి మీట నొక్కాడు. రెండో చేత్తో మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. పసుపు పలచబడింది. టైమర్ టిక్కుమంటోంది. ఇంకా పలచబడింది. అడుగున ఒక చార మొండికేసి కూర్చుంది.

"పోవే తల్లీ, పో," అన్నాడు దానితో.

చార కరిగింది. అదే క్షణంలో టైమర్ క్లిక్‌మంది. సీసా బుస్సున ఖాళీ అయి గొట్టంలోకి వెళ్ళిపోయింది. హాలు పైకప్పు నించి తెల్లటి తుంపర దిగింది.

అక్క మాట ఆపేసింది. చేత్తో గొంతు పట్టుకుంది.

సింహం ఊపిరి బిగబట్టి గాజుకి మొహం ఆనించాడు. అక్క తల వంచింది. భుజాలు కదిలాయి. తుమ్మింది. మంచినీళ్ళు తాగి, మళ్ళీ చెయ్యి తిప్పుతూ అనువాదం మొదలెట్టింది. అతను నేలమీద చతికిలబడి, టార్చి ఒళ్ళో పెట్టుకుని, వెక్కివెక్కి ఏడ్చాడు.

సాయంత్రం వరండాలో అక్క మెకానిక్ చొక్కాలో ఉన్న తమ్ముణ్ణి చూసి ఆగింది.

"ఇక్కడి ఏసీ పని నీదేనట్రా? ఆ నీళ్ళ తుంపరేమిటి, ఆ చలేమిటి! మాట మధ్యలో తుమ్మి దేశాల ముందు పరువు తీసుకున్నాను. నీకు ఒక్క పనైనా సరిగ్గా చేతనవునా?"

"చేతకాదక్కా," అన్నాడు సింహం, ఆమె చెయ్యి వదలకుండా. "ఇవాళ మాత్రం తప్పు చెయ్యడం సరిగ్గా చేశాను."